స్క్రూలు సరే, ఎముక సంగతేమిటి?

సంపాదకులకు నమస్కారం.

మా అక్కయ్యకు నిరుడు విశాఖపట్నంలో నడుము దగ్గర రెండు పూసలను కలిపి స్క్రూలు, రాడ్లు బిగించారు. ఆరో నెలలో మళ్లీ అంత దూరం కూర్చుని వెళ్లలేక, ఇక్కడ పర్లాకిమిడిలోనే ఎక్స్‌రే తీయించి, ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి ఫోనులో ఫొటో తీసి డాక్టరుగారికి పంపించాము. స్క్రూలు, రాడ్లు సరైన స్థానంలో ఉన్నాయన్న ఒక్క వాక్యమే రిపోర్టులో ఉంది. ఎముక అతుక్కున్నదీ లేనిదీ అందులో లేదు.

ఆ లోహం కొంతకాలపు ఊతం మాత్రమేనని, పూసల మధ్య వేసిన ఎముక ముక్కలు పెరిగి రెంటినీ ఒకటి చేయాలని, అందుకు ఆరు నెలల నుంచి ఏడాది, కొందరికి అంతకు మించీ పడుతుందని ఆ తరువాత డాక్టరుగారు వివరించారు. అతుకు పడకపోతే, పదేపదే వంచిన తీగ ఒకనాడు తెగినట్లు, రాడ్డు విరగవచ్చు. కాబట్టి ఒక పూస నుంచి రెండో పూసకు ఎముక ఎడతెగకుండా సాగిందా, స్క్రూ వదులైందని తెలిపే నల్లని అంచు దాని చుట్టూ ఏర్పడిందా అన్నవి చూడాలి. రోగిని నిలబెట్టి, ముందుకు వంచి ఒకటి, వెనక్కి వాల్చి ఒకటి పక్కనుంచి తీసిన చిత్రాల్లో ఆ పూసల మధ్య కోణం ఎంత మారుతున్నదో కూడా కొలవాలి. 5 డిగ్రీలకు మించితే అనుమానించాలన్నది చాలామంది పాటించే లెక్క. అయితే గట్టి రాడ్లు పట్టి ఉంచినప్పుడు అతుకు పడకున్నా కదలిక కనిపించకపోవచ్చు గనుక, నొప్పి తగ్గనివారికి సన్నని పొరలుగా తీసే సీటీ స్కాన్ అవసరం కావచ్చు. మా అక్కయ్యకు తీసినవి బల్లమీద పడుకోబెట్టి తీసిన మామూలు చిత్రాలు. వాటిలో కదలిక తెలిసే వీలే లేదు.

ఇందులో ఎక్స్‌రే తీసిన కుర్రవాడి తప్పు లేదు. అతనికి చీటీలో ఎవరూ ఏమీ రాయలేదు, మాకు అడగడం తెలియదు. ఆ మాటకొస్తే, పొగాకు ఎముక అతుకును ఆలస్యం చేస్తుందని ఆపరేషనుకు ముందే గట్టిగా చెప్పి ఉంటే మా అక్కయ్య అడ్డచుట్ట (నిప్పున్న కొసను నోట్లో ఉంచి కాల్చే చుట్ట) మానేదేమో. మా వైపు ఆ అలవాటున్న పెద్ద ఆడవాళ్లు ఆమె ఒక్కతే కాదు.

సరిహద్దు దాటి వచ్చే రోగులను ఇంటికి పంపేటప్పుడు, ఏ నెలలో ఏ భంగిమల్లో ఎక్స్‌రే తీయించాలో ఒక కాగితం మీద బొమ్మలతో సహా ఇవ్వాలని శస్త్రవైద్యులను కోరుతున్నాను. ఇక్కడ పనిచేసేవారిలో కొందరు ఒడియా మాత్రమే చదవగలరు, బొమ్మ అయితే ఎవరికైనా తెలుస్తుంది. పాత చిత్రాలను సీడీలో ఇస్తే, రిపోర్టు రాసేవారు వాటితో పోల్చి ఎముక గురించి ఒక్క వాక్యమైనా రాయగలుగుతారు. ఫోనులో తీసిన ఫొటోలో ఆ సన్నని నల్లని అంచు కనబడకుండా పోవచ్చు.

మా అక్కయ్యకు వచ్చే నెలలో పన్నెండో నెల ఎక్స్‌రే తీయించాలి. అటువంటి కాగితమేదీ మా చేతిలో ఇంకా లేదు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా