వంకరపోయిన ముందు చక్రాల గురించి మంత్రి గారికి

గౌరవనీయులైన బెంగళూరు నగరాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కాడుబీసనహళ్లిలో సైకిళ్లు బాగుచేస్తాను. మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. ఔటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో, ఒక బిల్డింగు మెట్ల కింద ఎనిమిదడుగుల షాపు పెట్టుకుని పంతొమ్మిదేళ్లయింది. ఈ ఔటర్ రింగ్ రోడ్డును కొత్తగా తీర్చిదిద్దేటప్పుడు సైకిల్ వాళ్లకు ఏం కావాలో చెప్పడానికే ఈ ఉత్తరం. ఇదే ఉత్తరాన్ని మా అమ్మాయి చేత కన్నడలో రాయించి మీ ఆఫీసుకు పంపాను. మళ్లీ తెలుగులో ఎందుకంటే, నా షాపుకు వచ్చేవాళ్లలో సగం మంది తెలుగువాళ్లే. నేను రాసింది నిజమో కాదో వాళ్లు చదివి చెప్పాలి. పైగా ఎన్నికలప్పుడు మా సందుల్లోకి ఓట్లడగడానికి వచ్చే నాయకులందరికీ తెలుగు బాగానే వస్తుంది.

నా దగ్గరికి వారానికి రెండు మూడు ముందు చక్రాలు ఒకే రకంగా వంకరపోయి వస్తాయి. రిమ్ము ఒకచోట నొక్కుకుపోయి, ఆ పక్కనే నాలుగైదు స్పోకులు తెగి ఉంటాయి. అది చూస్తే ఎక్కడ పడ్డావని అడగక్కర్లేదు. కాలువ మీద వేసిన ఇనుప జాలీలో చక్రం దిగింది. ఆ జాలీ కడ్డీలను బండ్లు పోయే దిక్కుకే పెట్టారు, సైకిల్ టైరు సరిగ్గా పట్టేంత సందు వదిలారు. అదే జాలీని అడ్డంగా తిప్పి వేస్తే వాన నీళ్లు పోతూనే ఉంటాయి, చక్రం మాత్రం దిగదు. దీనికి కొత్త బడ్జెట్ కూడా అక్కర్లేదు.

ఇంకో రకం దెబ్బలో రిమ్ము బాగానే ఉంటుంది, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు వెనక్కి వంగుతుంది. అది మెయిన్ రోడ్డు మీంచి సర్వీసు రోడ్డులోకి దిగేచోట తగిలేది. తారు మీద తారు వేస్తూ పోవడంతో కొన్ని చోట్ల రెండు రోడ్ల మధ్య జానెడు ఎత్తు తేడా వచ్చింది. పగలు చూసుకుని దిగుతారు. రాత్రి ఎదురు లైట్లకు కనపడదు. రిమ్ముకు బెండు తీయడానికి నేను 150 తీసుకుంటాను. మోకాలి చిప్పకు ఆసుపత్రిలో ఎంత తీసుకుంటారో మీకు తెలుసు.

బెంగళూరులో సైకిల్ తొక్కేవాళ్లు ఎవరు అని అడిగితే, పెద్దవాళ్లకు హెల్మెట్ పెట్టుకుని, బిగుతు బట్టలేసుకుని, ఆదివారం తెల్లారి నంది హిల్స్‌కు పోయే కుర్రాళ్లు గుర్తొస్తారు. వాళ్లూ నా గిరాకీలే. గేర్ల సైకిల్ తెస్తారు, బేరం ఆడకుండా డబ్బులిస్తారు, వాళ్ల మీద నాకేం కోపం లేదు. కానీ మీ మీటింగులకు పిలిచేది వాళ్లనే. మిగతా ఆరు రోజులు నా షాపు నడిపేవాళ్లు వేరు. టెక్ పార్కుల సెక్యూరిటీ గార్డులు, పన్నెండు గంటల డ్యూటీ, పొద్దున ఎనిమిదికి ఒకసారి, రాత్రి ఎనిమిదికి ఒకసారి షిఫ్టు మారేవాళ్లు. తెల్లారి నాలుగున్నరకు పేపర్లు వేసే పిల్లలు. అపార్ట్‌మెంట్లలో మొక్కలకు నీళ్లు పోసేవాళ్లు. క్యారియర్ మీద ఫ్లాస్కు, హ్యాండిల్‌కు కప్పుల సంచి తగిలించుకుని అర్ధరాత్రి కూడా ఆఫీసుల గేట్ల దగ్గర టీ అమ్మేవాళ్లు. అనంతపురం, రాయచూరు, ఒడిశా, అస్సాం నుంచి వచ్చినవాళ్లు. వీళ్లకు సైకిల్ ఆరోగ్యం కోసం కాదు, పర్యావరణం కోసమూ కాదు. రూము అద్దె, ఇంటికి పంపే డబ్బు పోను మిగిలినదాంట్లో కుదిరే బండి అదొక్కటే. వీళ్లలో ఒక్కరినైనా మీ అధికారులు ఎప్పుడైనా ఏమైనా అడిగారా?

2020 చివర్లో ఈ రోడ్డు మీద సైకిల్ లేన్ వేశారు, మీకు గుర్తుండే ఉంటుంది. నగర భూ రవాణా డైరెక్టరేట్ వాళ్లు సిల్క్ బోర్డ్ నుంచి లౌరీ జంక్షన్ వరకు 17 కిలోమీటర్లు అన్నారు. గీత గీసి, ప్లాస్టిక్ గుంజలు నాటారు. ఆ నెలల్లో నాకు అన్నం తినడానికి టైం లేదు. అసలే కరోనా రోజులు, కొత్త సైకిళ్లు దొరకడమే కష్టం. అపార్ట్‌మెంట్ల బేస్‌మెంట్లలో ఏళ్ల తరబడి దుమ్ము పట్టినవన్నీ దింపి నా దగ్గరికి తోసుకొచ్చారు. ఒక ఆంటీ ముప్ఫై ఏళ్ల తర్వాత మళ్లీ తొక్కుతున్నానని రెండు రౌండ్లు మా సందులోనే తిరిగి చూపించింది. లేన్ ఉంటే తొక్కడానికి మనుషులు ఉన్నారని నేను కళ్లారా చూశాను. "మన ఊళ్లో ఎవరు తొక్కుతారండీ" అనే మాట ఎవరు అన్నా నేను ఒప్పుకోను.

తర్వాత ఏమైందో కూడా చూశాను. మొదట గుంజలు ఒక్కొక్కటే విరిగాయి. విరిగినచోట బైకులు దూరాయి, బైకులు దూరినచోట ఆటోలు ఆగాయి, ఆటోలు ఆగినచోట తోపుడు బండి వచ్చింది. ఇంతలో సిల్క్ బోర్డ్ నుంచి కె.ఆర్.పురం దాకా మెట్రో పని మొదలై బారికేడ్లు వచ్చాయి. మెట్రోను నేను తప్పు పట్టను. దాదాపు 20 కిలోమీటర్లు, 13 స్టేషన్లు, ఊరికి కావలసిన పని. మెట్రో పని అయ్యాక సైకిల్ లేన్ మళ్లీ పెడతామని మాత్రం ఒక్కరూ కాగితం మీద రాసివ్వలేదు. అదే 2020లో పారిస్‌లో కూడా కరోనా కోసమని తాత్కాలికంగా సైకిల్ లేన్లు వేశారట. వాటిలో దాదాపు 50 కిలోమీటర్లను తర్వాత గట్లు కట్టి శాశ్వతం చేశారని మా అమ్మాయి చదివి చెప్పింది. మన దగ్గర తాత్కాలికం అన్నది తాత్కాలికంగానే పోయింది.

ఇప్పుడు ఈ రోడ్డునే కొత్తగా తీర్చిదిద్దుతామని ప్రభుత్వం చెబుతోంది. అందుకే ఈ ఉత్తరం. పాత లేన్‌నే మళ్లీ వేస్తే మళ్లీ అదే కథ. దాని అసలు లోపం ఎక్కడుందో, రోజూ ఆ రోడ్డు పక్కనే కూర్చునేవాడిగా చెబుతాను.

ఆ లేన్ నేరుగా ఉన్నచోటల్లా ఉండేది, జంక్షన్ రాగానే మాయమయ్యేది. నేరుగా ఉన్నచోట సైకిల్ వాడు లేన్ లేకపోయినా ఎలాగో పోతాడు. వాడికి ప్రాణం మీదకు వచ్చేది జంక్షన్‌లోనూ, మెయిన్ రోడ్డు మీంచి సర్వీసు రోడ్డుకు తెరిచిన సందుల దగ్గరా. ఇక్కడ నీళ్ల ట్యాంకర్ల సంగతి చెప్పాలి. మా వైపు అపార్ట్‌మెంట్లన్నీ ట్యాంకర్ల మీదే బతుకుతున్నాయి, ఎండాకాలం అయితే చెప్పక్కర్లేదు. ట్రిప్పుకింత అని లెక్క కాబట్టి డ్రైవర్‌కు తొందర. మన బండ్లలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు. ట్యాంకర్ ఎడమ తలుపు పక్కన, కింద, ముందు చక్రం దగ్గర ఉన్న సైకిల్ అతనికి కనిపించదు. కనిపించడం లేదని సైకిల్ వాడికి తెలియదు. ట్యాంకర్ ఎడమకు తిరిగినప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాలు పోయిన దారిలో పోవు, ఇంకా లోపలికి కోసుకుని వస్తాయి. ముందు చక్రం దాటింది కదా, ఇక పర్వాలేదు అనుకున్నవాడు వెనక చక్రానికీ ఫుట్‌పాత్ గట్టుకీ మధ్య ఇరుక్కుంటాడు. ఇది డ్రైవర్ పొగరు కాదు, సైకిల్ వాడి అజాగ్రత్తా కాదు. ఆ మలుపును అంత వెడల్పుగా, అంత నున్నగా, బ్రేక్ వేయకుండా తిరగగలిగేలా కట్టడంలో ఉంది తప్పు.

మలుపు మూలను బిగుతుగా కడితే ట్యాంకర్ నిదానించక తప్పదు. సర్వీసు రోడ్డు తెరిచినచోట సైకిల్ దారిని అదే ఎత్తులో కొనసాగించి, బండ్లే ఎక్కి దిగేలా చేస్తే లేన్ ఎవరిదో గీత లేకుండానే తెలుస్తుంది. సిగ్నల్ దగ్గర సైకిళ్లు మిగతా బండ్లకన్నా నాలుగు అడుగులు ముందు ఆగేలా గీత గీస్తే డ్రైవర్‌కు ఎదురుగా కనిపిస్తారు. ప్లాస్టిక్ గుంజ ట్యాంకర్‌ను ఆపదు, కాంక్రీట్ గట్టు కొంతైనా ఆపుతుంది. ఇవి నేను కనిపెట్టినవి కావు. సైకిల్ దారులు ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లకు ఐఆర్‌సీ 11 అని ఒక పుస్తకమే ఉంది, 2015లో దాన్ని సవరించారు కూడా. మీ ఇంజనీర్ల బీరువాలో ఉంటుంది.

రోడ్డు దాటడం ఇంకో నరకం. సిగ్నల్ లేకుండా సాగిపోవాలని అండర్‌పాసులు, ఫ్లైఓవర్లు కట్టారు, మనుషులు దాటడానికి స్కైవాక్‌లు పెట్టారు. సైకిల్‌ను భుజాన వేసుకుని ఆ మెట్లెక్కి చూడండి. అందుకే మా గార్డులు రాంగ్ సైడ్‌లో వస్తారు. నేను తిడతాను. "అన్నా, సరిగ్గా రావాలంటే యూటర్న్ కోసం అంత దూరం పోయి రావాలి, డ్యూటీకి అయిదు నిమిషాలు లేటైతే జీతం కోస్తారు" అంటారు. నాకు జవాబు దొరకదు.

అందరూ ట్రాఫిక్ జామ్ గురించి మాట్లాడతారు. నిజానికి జామ్ ఉన్నంతసేపు సైకిల్ వాడికి భయం లేదు, కారులో కూర్చున్నవాళ్లందరినీ దాటుకుంటూ పోతాడు. రోడ్డు ఖాళీ అయ్యాకే భయం. రాత్రి పదకొండు తర్వాత ఇదే రోడ్డు మీద బండ్లు పోయే స్పీడు మీరు చూసుండరు, మీ కాన్వాయ్ ఉన్నప్పుడు ఎవరూ అలా నడపరు. నా దగ్గరికి వచ్చే పెద్ద దెబ్బలన్నీ రాత్రివీ తెల్లవారుజామువీ. మనుషులూ బండ్లూ కలిసి తిరిగేచోట గంటకు 30 కిలోమీటర్లు మించకూడదని 2020లో స్టాక్‌హోంలో చాలా దేశాలు కూర్చుని ప్రకటన చేశాయి. మెయిన్ రోడ్డు మీద 30 పెట్టమని నేను అడగను, అది ఎవరూ పాటించరు. సర్వీసు రోడ్డు మీద పెట్టండి, బోర్డు ఒక్కటే కాకుండా స్పీడు తగ్గక తప్పని విధంగా రోడ్డునే కట్టండి.

కదిరి వైపు నుంచి వచ్చిన ఒక గార్డు నాకు తొమ్మిదేళ్ల గిరాకీ. పాత పెద్ద సైకిల్, వెనక మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టర్ నేనే ఊరికే బిగించాను. రెండేళ్ల కిందట డ్యూటీ దిగి వస్తుంటే ఒక వ్యాను కొట్టి ఆగకుండా పోయింది. కాలు విరిగి మూడు నెలలు మంచం మీద ఉన్నాడు. ఆ మూడు నెలలకు జీతం లేదు. లేచాక సైకిల్ తోసుకుంటూ వచ్చి, "అన్నా, అమ్మిపెట్టు" అన్నాడు. ఇప్పుడు కంతుల మీద కొన్న మోపెడ్‌లో తిరుగుతున్నాడు. కంతు, పెట్రోలు కలిపి జీతంలో నాలుగో వంతు పోతోంది. ఊరికి పంపేది తగ్గించాడు. రిజిస్ట్రేషన్లు కోటి దాటిన ఈ ఊరి బండ్ల లెక్కలో అది ఇంకో బండి, అంతే. అతని సైకిల్ నా షాపులో కొక్కేనికి వేలాడుతూనే ఉంది, అమ్మబుద్ధి కాలేదు.

కొందరు హైదరాబాద్‌ను చూసి నేర్చుకోమంటారు. 2023లో అక్కడి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ కట్టారు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సోలార్ పలకల కప్పు. బంధువుల పెళ్లికి పోయినప్పుడు చూసొచ్చాను, కళ్లు తిరిగాయి. అయితే చాలామంది కారు వెనక సైకిల్ కట్టుకుని అక్కడిదాకా వచ్చి, తొక్కి, మళ్లీ కట్టుకుని పోతున్నారు. షికారుకు బాగుంటుంది. మాకు అలాంటిది వద్దు సార్. మా గార్డు రూము నుంచి గేటు దాకా మూడు కిలోమీటర్లు తెగకుండా ఉంటే చాలు, కప్పు అక్కర్లేదు. దానికన్నా మన మైసూరే నయం, 2017లో 450 సైకిళ్లతో ట్రిన్ ట్రిన్ అనే అద్దె సైకిళ్ల పథకం మొదలుపెట్టి మామూలు జనం రోజూ వాడేలా చేశారు.

ఎవరిని అడగాలో తెలియక మీకే రాస్తున్నాను. 2025 సెప్టెంబరులో ఊరంతటికీ ఒకటిగా ఉన్న పాలికె (బీబీఎంపీ) పోయి అయిదు కార్పొరేషన్లు వచ్చాయి. ఈ రోడ్డులో మా వైపు తూర్పు కార్పొరేషన్, సిల్క్ బోర్డ్ వైపు దక్షిణ కార్పొరేషన్. పిల్లర్ల కింద మెట్రో వాళ్లు, బండ్లు ఆపేది పోలీసులు. జాలీ తిప్పి వేయమని నేను మూడుసార్లు మూడు ఆఫీసులకు పోయాను. ప్రతిచోటా ఇంకో ఆఫీసు పేరు చెప్పారు, మర్యాదగానే చెప్పారు. ఈ గొడవ లేకుండా రవాణా అంతా ఒకచోట చూడడానికి 2022లో బెంగళూరు మహానగర భూ రవాణా సంస్థ (బీఎంఎల్‌టీఏ) చట్టం చేశారు కదా, ఈ రోడ్డు మొత్తానికి జవాబు చెప్పే ఒక్క మనిషిని దాని కింద పెట్టండి. నడిచేవాళ్ల కోసం, సైకిల్ వాళ్ల కోసం భూ రవాణా డైరెక్టరేట్ వాళ్లే రాసిన బిల్లు ముసాయిదాను అసెంబ్లీకి తెండి. చేతిలో ఉన్న చట్టం కూడా తక్కువది కాదు. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 198ఏ సెక్షన్ ప్రకారం, ప్రమాణాలు పాటించకుండా రోడ్డు కట్టడం వల్ల ఎవరైనా చనిపోయినా వికలాంగులైనా బాధ్యత ఉన్న సంస్థకూ కాంట్రాక్టర్‌కూ లక్ష రూపాయల దాకా జరిమానా పడుతుంది. పెద్ద మొత్తం కాదు. అయినా ఒక్కసారి వేసి చూడండి, జాలీలు వాటంతట అవే అడ్డం తిరుగుతాయి.

చివరగా ఒక మనవి. కొత్త రోడ్డు టెండర్ పిలవకముందు దాని డ్రాయింగు ఒక కాపీ కాడుబీసనహళ్లి బస్టాపు దగ్గర అతికించండి. ఇంగ్లీషులో కాకుండా కన్నడలో, మామూలు మనిషికి అర్థమయ్యేలా. రాత్రి ఎనిమిదికి షిఫ్టు మారేటప్పుడు గార్డులను నేను పిలుచుకొస్తాను. ఏ జాలీ దగ్గర ఎవరు పడ్డారో, ఏ సందులోంచి ట్యాంకర్ తిరుగుతుందో వాళ్లు చూపిస్తారు, నేను పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఇస్తాను. షాపు పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా తెరిచే ఉంటుంది, ఆదివారం మధ్యాహ్నం మాత్రం మూస్తాను.

ఇట్లు,
ఒక సైకిల్ మెకానిక్,
కాడుబీసనహళ్లి, బెంగళూరు