తెలుగు పుస్తకం మా ఊరికి సంచిలోనే వస్తోంది

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రిక ఆదివారం ప్రచురించే పుస్తకాల పుటను నేను చాలా ఏళ్లుగా విడవకుండా చదువుతున్నాను. ప్రతి సమీక్ష చివరా పుస్తకం వెల వేసి, ప్రతులు అన్ని ప్రధాన పుస్తక కేంద్రాల్లో దొరుకుతాయని రాస్తారు. ఆ వాక్యం చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో చిన్న పుస్తకాల కొట్టు నడుపుకొనే నాకు తెలుగు పుస్తకం కొనాలంటే శ్రీకాకుళమో విశాఖపట్నమో పోవాలి, లేదా అటు వెళ్లేవాళ్ల సంచిలో కాస్త చోటు అడగాలి. నా కొట్టు పుస్తకాల కొట్టే అయినా అందులో అమ్ముడయ్యేవి నోటు పుస్తకాలూ గైడ్లూ మాత్రమే. పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రప్రదేశ్‌లోనిది, రోజూ మనుషులూ కూరగాయలూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి, పుస్తకానికి మాత్రం దారి లేదు. ఈ వర్షాకాలంలో నేను చదివిన కొన్ని పుస్తకాల గురించి చెబుతూ, ఈ విషయాన్ని తమ ద్వారా రెండు రాష్ట్రాల గ్రంథాలయాలు చూసేవారి దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా రెండు కథల సంగతి. గోపీనాథ మహంతి 1945లో రాసిన 'పరజా' నవలను ఒడియాలోనే చదివాను. అది బరంపురంలో అడిగిన మొదటి దుకాణంలోనే దొరికింది. కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' ఉన్న సంపుటి మాత్రం శ్రీకాకుళం నుంచి మా మేనల్లుడి సంచిలో, రెండు చొక్కాల మధ్య నలిగి వచ్చింది. ఒకదాని వెంట ఒకటి చదవడం నా అదృష్టమనే అనుకొంటున్నాను. కొరాపుట్ కొండల్లో శుక్రు జానీ కూతురి మీద ఫారెస్టు గార్డు కన్ను పడుతుంది, ఆశ తీరకపోయేసరికి చెట్లు కొట్టాడన్న నేరం తండ్రి నెత్తిన పడుతుంది, జుర్మానా కట్టడానికి అప్పు, అప్పు తీర్చడానికి సాహుకారు ఇంట్లో 'గోతి' అనే వెట్టి. సుందరపాలెంలో అప్పల్రాముడి అప్పు పంచాయితీకి ఎక్కుతుంది, పెద్దమనుషులందరూ ధర్మంగానే మాట్లాడతారు, ఆ ధర్మమే అతని కుటుంబాన్ని పాలేరుతనంలోకి నెడుతుంది. కొరాపుట్ కథలో చివరి దెబ్బ సాహుకారు మీద పడితే, శ్రీకాకుళం కథలో అప్పల్రాముడి కొడుకు సీతారాముడి చేతిలో అతని కన్నకొడుకు మీద పడింది. ఏది ఎక్కువ భయంకరమని అడిగితే నేను రెండోదే అంటాను, ఎందుకంటే అక్కడ దుర్మార్గుడని వేలెత్తి చూపించడానికి ఎవరూ మిగలరు. మహంతి అడవి వర్ణనలో అక్కడక్కడా మైమరచి కథను మరిచిపోతారన్నది నా ఫిర్యాదు. రామారావు గారికి ఆ జబ్బు లేదు. పంచాయితీలో ఎవరు ఎక్కడ కూర్చున్నారో కూడా లెక్కగా చెప్పారు.

ఒకే తూర్పు కనుమల అప్పుల కథ రెండు లిపుల్లో ఉంటే, ఇటువాళ్లలో ఎక్కువమందికి అది తెలియదు, అటువాళ్లకీ ఇది తెలియదు. 'పోడు' అనే మాట రెండు భాషల్లోనూ ఒకటే. పురిపండా అప్పలస్వామి గారు మహంతి గారి 'అమృత సంతానం'ను చాలా ఏళ్ల కిందటే తెలుగు చేశారు, అది చదవాలని ఎంత వెతికినా మా చుట్టుపక్కల నాకు దొరకలేదు.

ఆత్మకథల్లో నేను ఈసారి ఎంచుకొన్నది ఫకీర్ మోహన్ సేనాపతిది. ఒడియా బడిపిల్లలకు ఆయన కథల రచయితగా తెలుసు, బాలాసోర్ రేవులో ఓడల తెరచాపలు కుట్టే పనికి వెళ్లిన అనాథ పిల్లవాడిగా తక్కువమందికి తెలుసు. ఆ పుస్తకంలో నన్ను కట్టిపడేసింది భాష కోసం ఆయన పడిన పాట్లు. ఒడియా స్వతంత్ర భాషే కాదని 1870లో కాంతిచంద్ర భట్టాచార్య పుస్తకం అచ్చు వేసిన కాలమది. బడుల్లో బెంగాలీయే చాలన్న వాదన బలంగా నడుస్తున్నప్పుడు, సేనాపతి సభలు పెట్టి తీర్మానాలు చేసి ఊరుకోలేదు. 1868లోనే బాలాసోర్‌కు అచ్చుయంత్రం తెప్పించారు, పాఠ్యపుస్తకాలు తానే కూర్చుని రాశారు. చదవడానికి పుస్తకమే లేకపోతే భాష గురించి ఎంత వాదించి ఏం లాభమని ఆయనకు తెలుసు. మా జిల్లాలో తెలుగు కోసం మాట్లాడేవారికీ, ఒడియా పట్ల గౌరవమున్న అధికారులకూ ఈ ఒక్క అధ్యాయం చదివి వినిపించాలని నాకుంది. ఇక్కడి తెలుగువాళ్లు కోరేది సేనాపతి తన భాషకు కోరినదే.

ఈ అధ్యాయం చదువుతున్న రోజుల్లోనే మా మనవడితో ఒక సంగతి జరిగింది. వాడు ఆరో తరగతి, ఒడియా మాధ్యమం. ఇంట్లో గుక్క తిప్పుకోకుండా తెలుగు మాట్లాడతాడు. 'యజ్ఞం' పుస్తకం అట్ట మీద వేలు పెట్టి, 'య' అక్షరం నెత్తిన ఉన్న తలకట్టును గొడుగు అనుకొని, "తాతా, ఇది సగం చెరిగిపోయిన ఒడియానా?" అని అడిగాడు. ఒడియా అక్షరానికి నెత్తిన నిండు గొడుగు ఉంటుంది కదా, వాడి లెక్కన మన తలకట్టు చినిగిపోయిన గొడుగు. నవ్వాను గానీ ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు.

కవిత్వంలోనూ నాకు ఇలాగే తాతామనవళ్లే ఎదురయ్యారు. జయంత మహాపాత్ర గారి ఇంగ్లీషు కవితల్లో 'గ్రాండ్‌ఫాదర్' అనేది భువనేశ్వర్‌లో చదువుతున్న మా తమ్ముడి కూతురు పక్కన కూర్చుని చదివించింది. 1866 కరువులో ఆకలికి తాళలేక మిషనరీల శిబిరంలో చేరి మతం మారిన తాతను, ఆయన రాసుకొన్న పాత డైరీ చేతిలో పట్టుకొని, మనవడు నిలదీస్తున్నట్టూ క్షమాపణ అడుగుతున్నట్టూ సాగుతుంది ఆ కవిత. తాత డైరీ ఒడియా, మనవడి కవిత ఇంగ్లీషు. పూరీ రాజు గజపతి తొమ్మిదో అంకంలో, అంటే ఆయన పాలన లెక్కలో తొమ్మిదో ఏట, వచ్చినందుకు ఒడియావాళ్లు 'న అంక' కరువని పిలిచే ఆ కరువును సేనాపతి కూడా తన ఆత్మకథలో కళ్లారా చూసి రాశారు. అప్పట్లో మద్రాసు రాజధానిలో ఉన్న మా గంజాం కూడా ఆ ఏడే మాడింది.

ఇక ఛాయాచిత్రాల పుస్తకాలు. ఈ మధ్య ఒక బంధువు నాకు ఖరీదైన పుస్తకమొకటి బహుమతిగా ఇచ్చారు, పేరు రాయను. నున్నటి కాగితం మీద కొండ సంతల బొమ్మలు, ఆడవాళ్ల ముక్కుపుడకలూ, పిల్లల నవ్వులూ ఉన్నాయి. ఒక్క బొమ్మ కిందా ఊరి పేరు గానీ మనిషి పేరు గానీ లేవు, అంతటా 'ఆదివాసీ స్త్రీ' అన్న మాటే. దాని పక్కన మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ సవర గిరిజనుల మతం గురించి 1955లో ప్రచురించిన పుస్తకాన్ని, ఒక మాస్టారి దగ్గర అరువు తెచ్చి పెట్టుకొని చూశాను. అచ్చు మసకగా ఉన్నా, సవరల గోడ బొమ్మల సంగతికి వచ్చేసరికి ఏది ఏ దేవత కోసం వేశారో, ఏ చనిపోయినవారి కోసం వేశారో వివరం ఉంది. నాకు ఆ మసక బొమ్మలే ముద్దొచ్చాయి.

సవరల ప్రస్తావన వచ్చింది కాబట్టి గిడుగు రామమూర్తి పంతులు గారిని తలవకుండా ఉండలేను. మా ఊళ్లోనే బడిపంతులుగా ఉంటూ, సవర నేర్చుకొని, సవర పిల్లలకు తెలుగు లిపిలో వాచకాలు రాసిన మనిషి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో చేరడంతో ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. ఏటా ఆగస్టు 29న ఆయన పేరు మీద తెలుగు భాషా దినోత్సవాలు జరుగుతాయి. దండలు వేసే ఆ రోజున ఈ ఊరి బీరువాల్లో ఎన్ని తెలుగు పుస్తకాలున్నాయని ఎవరైనా అడగాలని నా కోరిక.

ఎందుకంటే, మా జిల్లాలో నేను వెళ్లే ఒక గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలు ఒకే బీరువాలో ఉన్నాయి. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ మూడు పేర్లు చెప్పారు. అద్దంలోంచి చూసి పుస్తకాల పేర్లు రాసుకొని వచ్చాను.

ఇది తీరని సమస్య కాదు. కలకత్తాలోని రాజా రామ్మోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ 1972 నుంచి రాష్ట్రాలతో కలిసి గ్రంథాలయాలకు పుస్తకాలు కొనిపెడుతోంది. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల జాబితాల్లో తెలుగు పుస్తకాలకూ కొంత వాటా ఉంచమని ఒడిశా ప్రభుత్వాన్ని కోరుతున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. ఆ డబ్బు సరిహద్దు దాటకూడదని నిబంధనలుంటే ఉండనివ్వండి, పాతపట్నం, ఇచ్ఛాపురం లాంటి చోట్ల గ్రంథాలయాల్లో ఇటువైపు పాఠకులకు సభ్యత్వం ఇస్తే చాలు, రైలెక్కి మేమే వస్తాం. తమ పుస్తకాల పుటలో ఒడియా నుంచి తెలుగులోకీ, తెలుగు నుంచి ఒడియాలోకీ వచ్చిన పుస్తకాలకు నెలకొకసారైనా చోటు ఇవ్వండి, ప్రతి ఎక్కడ దొరుకుతుందో ఊరి పేరుతో సహా రాయండి.

'యజ్ఞం' ప్రతిని గుణుపురం నుంచి వచ్చిన ఒక పెద్దాయన కొట్టులో చూసి, చదివి ఇస్తానని పట్టుకెళ్లారు, దసరాకు తెస్తానన్నారు. ఈలోగా మా మనవడు అట్ట మీది అక్షరాలు నేర్చుకొన్నాడు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా.