పప్పుకట్టు నుంచి పెళ్లి భోజనం దాకా వెంట ఉన్నవారికి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

బరువు తగ్గే ఆపరేషన్ (బేరియాట్రిక్ సర్జరీ) అయినవాళ్లం, వాళ్లకు వండిపెట్టే ఇంటివాళ్లం కలిసి రాస్తున్న కృతజ్ఞతలు ఇవి. ఆపరేషన్ చేసిన డాక్టర్లకు ఆసుపత్రిలోనే దండం పెట్టుకున్నాం. ఇంటికొచ్చాక చెంచా చేతిలో పట్టుకుని "ఇది తినొచ్చా, ఎంత తినాలి, తింటే ఏమవుతుంది" అని రోజుకు ఆరుసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పినవాళ్లు ఉన్నారే, ఈ నమస్కారం వాళ్లకు.

డిశ్చార్జి రోజు చేతికొచ్చే చార్టులో ఓట్స్, బ్రాకొలీ, గ్రీక్ యోగర్ట్, ట్యూనా ఉంటాయి. మన వంటిళ్లలో ఉండేవి వేరు. ఆ చార్టునంతా పప్పుకట్టు, మజ్జిగ, గుడ్డు పొరటు, చేపల పులుసు కొలతల్లోకి మార్చి, తెలుగులో పట్టికగా రాసి ఇచ్చిన డైటీషియన్ మేడమ్‌కు మొదటి నమస్కారం. మేడమ్, మీరు వద్దన్న ప్రతిదానికీ ఎందుకు వద్దో కూడా చెప్పారు. కారణం తెలిసినవాళ్లం కాబట్టే చార్టులో లేని వంటకం ఎదురైనా ఏం చేయాలో మాకు తోచింది.

ఆ కారణం ఇక్కడ చెప్పుకోకపోతే మిగతాదేదీ అర్థం కాదు. బరువు తగ్గే ఆపరేషన్లలో ఒక రకం స్లీవ్, ఇంకో రకం బైపాస్ (గుండె బైపాస్ కాదు). స్లీవ్ ఆపరేషన్‌లో పొట్టలో 75 నుంచి 80 శాతం తీసేస్తారు. మిగిలేది అరటికాయంత సన్నటి గొట్టం. అందులో పట్టేది 100, 150 మిల్లీలీటర్లు. బైపాస్‌లో అన్నవాహిక కింద దాదాపు 30 మిల్లీలీటర్ల చిన్న సంచి మిగిల్చి, దాన్ని చిన్నపేగులో కాస్త కింది భాగానికి కలుపుతారు. ఐరన్, కాల్షియం బాగా ఒంటికి పట్టేది చిన్నపేగు మొదటి భాగంలోనే. బైపాస్‌లో తిండి ఆ దారినే పోదు. మాత్రలు జీవితాంతం ఎందుకంటే ఇందుకే. స్లీవ్ అయినవాళ్లకు పేగు దారి మారకపోయినా తినేదే తక్కువ, కడుపులో ఆమ్లమూ తగ్గుతుంది. మాత్రలు వాళ్లకూ తప్పవు.

వార్డులో సిస్టర్లు నేర్పిన గుక్కల లెక్కకు రెండో నమస్కారం. టానిక్ సీసాతో వచ్చే 15 మిల్లీలీటర్ల మూతతో రెండు మూతల నీళ్లు, పావుగంటకోసారి. గంటకు 120 మిల్లీలీటర్లు, మెలకువగా ఉండే 14 గంటల్లో 1,680. రోజుకు కావలసిన లీటరున్నర దాటినట్టే. గ్లాసెత్తి గటగటా తాగితే ఛాతీ మధ్య పట్టేసినట్టు నొప్పి వస్తుంది. అలాగని తాగడం మానేస్తే రెండో రోజుకే మూత్రం ముదురు పసుపుకి తిరిగి, తల తిరుగుతుంది. ఫోన్‌లో పావుగంటకోసారి మోగేలా అలారం పెట్టించింది సిస్టర్లే. ఇంట్లో అందరికీ ఆ మోత చిరాకే, కానీ మొదటి రెండు వారాలు దాన్ని ఆపొద్దు.

ఇక పప్పుకట్టు. ఈ మాట అమ్మలకు తెలుసు, చార్టులకు తెలియదు. రెండు చెంచాల కందిపప్పు, రెండు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, చిటికెడు జీలకర్ర. కుక్కర్‌లో ఐదు విజిల్స్ రానిచ్చి, మూత తీశాక గరిటె పెట్టకుండా పది నిమిషాలు వదిలేయాలి. పప్పు అడుగుకు దిగి పైన తేట నిలుస్తుంది. ఆ తేటను వంచి, పలుచటి గుడ్డలో వడకట్టి, ఉప్పు వేసి గోరువెచ్చగా ఇవ్వాలి. పప్పు మెదిపితే పలుకులు తేటలో కలిసిపోతాయి, లోపల కుట్లు ఇంకా పచ్చిగా ఉన్న రోజుల్లో అవి వద్దు. మిరియాలు, చింతపండు కూడా అప్పుడే వేయకూడదు. చికెన్ ఉడికించిన నీళ్లైనా, వెన్న తీసి వడకట్టిన మజ్జిగైనా ఇదే పద్ధతి. సాధారణంగా మొదటి ఒకటి రెండు రోజులు తేట ద్రవాలు, తర్వాత రెండో వారం దాకా పాలు, పలుచటి జావ, ప్రోటీన్ పొడి. మూడు, నాలుగు వారాల్లో మెత్తగా రుబ్బినవి. ఐదు, ఆరు వారాల్లో మెత్తగా ఉడికినవి. రెండో నెల దాటాక మామూలు తిండి. సర్జన్‌ను బట్టి రోజులు అటూ ఇటూ అవుతాయి, అక్కడ సర్జన్ మాటే మాట.

రుబ్బే రోజుల్లో అటక మీది ఉగ్గు గిన్నెను కిందికి దించిన అత్తయ్యలకు, అమ్మలకు ఎన్ని చెప్పినా తక్కువే. పెద్ద కంచంలో నాలుగు చెంచాల తిండి చూస్తే "ఇంతేనా" అనిపిస్తుంది, చేయి మళ్లీ వడ్డించుకోవడానికి పోతుంది. ఉగ్గు గిన్నెలో అదే నాలుగు చెంచాలు నిండుగా కనిపిస్తాయి. చిన్న చెంచా, ముద్దకు ఇరవై ముప్పై సార్లు నమలడం, ఒక్కో పూటకు ఇరవై నుంచి ముప్పై నిమిషాలు. తింటూ నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట దాకా కూడా తాగకూడదు. ఎక్కిళ్లు రావడం, ముక్కు కారడం, తుమ్ము... ఇవి నిండిందని శరీరం ఇచ్చే కబురు. ఆ తర్వాతి చెంచా ఎంత చిన్నదైనా ఎక్కువే.

ఆ చెంచా తిన్నారనుకోండి, ఏమవుతుందో కూడా రాయాలి. ఛాతీ ఎముక వెనక ఏదో అడ్డుపడినట్టు బిగుస్తుంది. నోట్లో లాలాజలం ఊరుతూనే ఉంటుంది, కిందికి దిగదు. కాసేపటికి తెల్లటి నురగ పైకొస్తుంది. చల్లారిన అన్నం ముద్ద, వేయించిన చికెన్ ముక్క, ఎండిన చపాతీ, బ్రెడ్డు, ఈ నాలుగింటితోనే ఎక్కువగా ఇలా అవుతుంది. అన్నం, బ్రెడ్డు ముద్దకట్టి సన్నటి గొట్టంలో ఇరుక్కుంటాయి. చికెన్ పీచు ఎంత నమిలినా తాడులాగే దిగుతుంది. అప్పుడు చాలామంది నీళ్లు తాగి కిందికి తోయాలని చూస్తారు. అది పొరపాటు, దారి మూసుకుపోయి ఉంటుంది కాబట్టి ఆ నీళ్లూ పైకే వస్తాయి. తినడం ఆపి, లేచి మెల్లగా నడవాలి. గంట, రెండు గంటలు నోట్లో ఏమీ వేయకూడదు. తర్వాత మళ్లీ ఒక్కో మూత నీళ్లతో మొదలు. లాలాజలం కూడా దిగకపోయినా, రోజంతా నీళ్లు నిలవకపోయినా ఆసుపత్రికే.

ఇక్కడే ఇంకో పెద్ద మేలు గురించి చెప్పాలి. మన ఊళ్లలో వాంతులైతే ఆర్.ఎం.పి. గారిని పిలిపించి గ్లూకోజ్ బాటిల్ ఎక్కించడం అలవాటు. ఈ ఆపరేషన్ అయినవాళ్లకు రోజుల తరబడి వాంతులైతే ఒంట్లో థయామిన్, అంటే బీ1 విటమిన్, అడుగంటిపోతుంది. ఆ స్థితిలో థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే, ఉన్న కాస్తా దాన్ని వాడుకోవడానికే ఖర్చయిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఒకే వస్తువు రెండుగా కనిపించడం, నడకలో తూలడం, మాట తడబాటు, మతిమరుపు దాని గుర్తులు. ముందు థయామిన్, ఆ తర్వాతే గ్లూకోజ్. ఇది విడమరిచి చెప్పి, పర్సులో పెట్టుకోవడానికి కార్డు రాసిచ్చిన డ్యూటీ డాక్టర్ గారికి మేమంతా రుణపడి ఉన్నాం. కార్డు మీద మూడే వాక్యాలు: "ఈ వ్యక్తికి బేరియాట్రిక్ సర్జరీ అయింది. గ్లూకోజ్ ఎక్కించే ముందు థయామిన్ ఇవ్వండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ రకం నొప్పి మాత్రలు ఇవ్వకండి." ఆ మాత్రలతో, ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లకు, పేగు అతికించిన చోట పుండు పడుతుంది. సిగరెట్‌తోనూ అంతే. ఒళ్లు నొప్పులకు మాత్ర అడగ్గానే ముందు కార్డు చూపించమని, పారాసెటమాల్ మాత్రమే చేతిలో పెట్టే మందుల షాపు తమ్ముడికి ప్రత్యేకంగా ధన్యవాదాలు.

ఆ తమ్ముడే మాత్రల వేళలు కూడా డబ్బా మీద పెన్నుతో రాసిచ్చాడు. కాల్షియం సిట్రేట్ రోజుకు 1,200 నుంచి 1,500 మిల్లీగ్రాములు, ఒక్కసారికి 500కు మించకుండా. ఒకేసారి ఎక్కువ వేసుకుంటే ఒంటికి పట్టదు. కార్బొనేట్ రకం పట్టాలంటే కడుపులో ఆమ్లం కావాలి, అందుకే సిట్రేట్. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య రెండు గంటలు. ఐరన్ వేసుకున్న గంట లోపల టీ, కాఫీ వద్దు. ఉదయం టిఫిన్ తర్వాత మల్టీవిటమిన్, పదకొండుకు, మూడుకు, ఏడుకు కాల్షియం, రాత్రి పడుకునే ముందు ఐరన్ అని పెట్టుకుంటే ఒకదానికొకటి అడ్డు రాదు. బీ12, విటమిన్ డి మోతాదు రక్తపరీక్ష చూసి డాక్టర్ చెప్తారు. షుగర్, బీపీ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. తిండి ఒక్కసారిగా తగ్గిపోయాక పాత డోసు ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుంటే షుగర్ పడిపోతుంది. డోసు మార్పించుకునేది ఆపరేషన్ అయిన వారంలోనే, నెల తర్వాత కాదు.

ప్రోటీన్ రోజుకు కనీసం 60 గ్రాములు. వినడానికి తేలిక, చిన్న పొట్టతో అందుకోవడం కష్టం. మేడమ్ వేసిచ్చిన లెక్క అలాగే రాస్తున్నాం. ఒక గుడ్డు 6, గ్లాసు పాలు 6, గుడ్డలో కట్టి వేలాడదీసిన పెరుగు చిన్న కప్పు 6, ఎముకలు తీసిన చేప 60 గ్రాములకు 12, పన్నీర్ 50 గ్రాములకు 9. మొత్తం 39. మిగతా 24 ప్రోటీన్ పొడి ఒక స్కూప్‌తో వస్తుంది, మొత్తం 63. చేప తిననివాళ్లు దాని బదులు పాతిక గ్రాముల మీల్‌మేకర్ నానబెట్టి, పిండి, రుబ్బి కూరలో కలిపితే 13 దాకా వస్తుంది. చికెన్ తినాలనిపిస్తే ఖీమా కొట్టించి, పెరుగులో నానబెట్టి, తడిగా వండాలి. పళ్లెంలో ముందు గుడ్డు, చేప, పప్పు. తర్వాత కూర. అన్నం చివరి రెండు చెంచాలే. తరతరాలుగా అన్నంతో మొదలుపెట్టే మనకు ఈ వరస మార్చడమే అన్నిటికన్నా కష్టం, అందులో సందేహం లేదు. అన్నం ముందు తింటే ప్రోటీన్‌కు చోటు మిగలదు. ప్రోటీన్ చాలకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, మూడో నెలలో మొదలయ్యే జుట్టు రాలడం ఇంకా ఎక్కువవుతుంది. ఆ రాలడం మామూలుగా కొన్ని నెలలకు తగ్గి మళ్లీ మొలుస్తుంది. నూనెల మీద డబ్బు పోసే బదులు ప్రోటీన్, ఐరన్ నిల్వలు సరిచూసుకోండి.

ఇంకొకటి. జంతికలు, చేగోడీలు, మిక్చరు, టీలో ముంచిన బిస్కెట్లు. ఇవి ఇరుక్కోవు, నొప్పి పెట్టవు, పొడై జారిపోతాయి. ఆ సుఖమే ముప్పు. ఏడాది దాటాక బరువు మళ్లీ పెరిగినవాళ్లను అడిగితే ఎక్కువగా ఈ డబ్బాలే బయటపడతాయి.

పండగలు, పెళ్లిళ్ల దగ్గర తోడున్న బంధువులకు చివరి నమస్కారం. శ్రీరామనవమికి గ్లాసు పానకం ఇవ్వబోయి, సంగతి తెలిసి వడపప్పు చేతిలో పెట్టిన పిన్నిగార్లకు. బెల్లం నీళ్లు చిన్న సంచిలో ఆగవు, నేరుగా పేగులోకి దూకుతాయి. పేగు ఒంట్లోని నీటిని లాక్కుంటుంది. పది నుంచి ముప్పై నిమిషాల్లో గుండె దడ, చెమట, కడుపులో మెలి, విరేచనం. కొందరికి గంట నుంచి మూడు గంటల తర్వాత షుగర్ పడిపోయి వణుకు వస్తుంది. డంపింగ్ అంటారు, బైపాస్ అయినవాళ్లకు ఎక్కువ. పెళ్లి విస్తట్లో మొదట పడేది తీపే, అదీ ఖాళీ కడుపున. "ఒక్క బూరె తింటే ఏమవుతుంది" అని కొసరకుండా, ముద్దపప్పూ కూరా ముందు వడ్డించమని వంటవాళ్లకు తామే చెప్పిన బాబాయిలు, మామయ్యలు ఉన్నారు. మర్యాద తగ్గిందని ఎవరూ అనుకోలేదు. అది మాకు చాలా పెద్ద విషయం.

మేడమ్ రాసిచ్చిన ఆ పట్టిక అడుగుతున్న కొత్తవాళ్లకు ఒక మాట. అందులో కప్పు అంటే 150 మిల్లీలీటర్ల కప్పు, చెంచా అంటే టీ చెంచా. మొదటి రెండు వారాల్లో ఉన్నవాళ్లు మొదటి పేజీ మాత్రమే గోడకు అంటించుకోండి, రెండో పేజీ మీ సర్జన్ సరేనన్నాకే. జ్వరం, పెరుగుతున్న కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి, నిమిషానికి 120 దాటిన నాడి, వీటిలో ఏది కనిపించినా పట్టిక పక్కన పెట్టి, అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి బయల్దేరండి.