రోడ్డు గీత గీయకముందే మమ్మల్ని అడగండి

కడప జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

అయ్యా, మా ఊరి రోడ్డు వెడల్పు చేస్తారన్న సంగతి మాకెప్పుడు తెలిసిందంటే, టేపులు పట్టుకొచ్చినోళ్లు అరుగుల మీద ఎర్రరంగు గీతలు గీసి పోయినాక. టీ కొట్టు అరుగు సగం పోతుందట. అభ్యంతరాలుంటే రాసివ్వమన్నారు. నోటీసేమో మొత్తం ఇంగ్లీషులో ఉంది. సర్వే నంబర్లు తప్ప మా పెద్దాయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనా (భూమి పోతే జనం బతుకులు ఏమవుతాయో లెక్కగట్టడం), బహిరంగ విచారణ జరపమంటుంది. జాతీయ రహదారులకైతే అభ్యంతరాలకు 21 రోజుల గడువుంది. మంచిదే. కానీ అప్పటికి దారి ఎటు పోవాలో ఖాయమైపోయి ఉంటుంది. వానొస్తే ఏ వంక రోడ్డెక్కుతుందో, కల్వర్టు ఎక్కడ పడాలో ఆ పక్క మడి దున్నే రైతుకు తెలుసు. అతన్ని ముందే అడిగితే మళ్లీ తవ్వే ఖర్చు మిగులుతుంది కదా!

డబ్బు సంగతి మరీ గుట్టు. 2020లో పెట్రోలు, డీజిల్ మీద లీటరుకు రూపాయి రోడ్డు సెస్సు, అంటే రోడ్ల పేరుతో అదనపు పన్ను, వేశారు. కడప–బెంగళూరు రైలు మార్గానికి సగం ఖర్చు రాష్ట్రం భరించాలన్నది మొదట్లో కుదిరిన ఒప్పందం. ఇవన్నీ మా జేబులోవే. ఏ పనికి ఎంత పెట్టారో పంచాయతీ బోర్డు మీద తెలుగులో రాయించండి.

సభ పెడితే ఆదివారం పెట్టండి సార్. పనిరోజు పొద్దున 11 గంటలకు పెడితే వచ్చేది కాంట్రాక్టర్లే.

ఇట్లు,
కమలాపురం వైపు నుంచి ఒక పన్ను చెల్లింపుదారు