‘మా నాన్న డ్యూటీలో ఉన్నారు, ఫిబ్రవరిలో వస్తారు’

పాఠశాల వార్తాలేఖ, అనంతపురం
నవంబరు 2025

తల్లిదండ్రులకు, అవ్వాతాతలకు నమస్కారం.

ఈ వార్తాలేఖలో మామూలుగా పరీక్షల తేదీలు, ఫీజుల సంగతులు రాస్తాను. అవి వెనక పేజీలో ఉన్నాయి, చూసుకోండి. ఈసారి మీతో వేరే విషయం మాట్లాడాలి.

దసరా సెలవుల తర్వాత ప్రోగ్రెస్ కార్డులు ఇంటికి పంపాం కదా. నాలుగో తరగతి పాప ఒకామె కార్డులో అమ్మ సంతకం ఉంది, నాన్న సంతకం గడి ఖాళీగా ఉంది. టీచర్ సంగతి కనుక్కోకుండా ‘నాన్నతో కూడా పెట్టించుకొని రా’ అని వెనక్కి పంపారు. మర్నాడు కార్డు తిరిగొచ్చింది. ఆ గడిలో పెన్సిల్‌తో, గీత దాటకుండా, చిన్న చిన్న అక్షరాలతో ఇలా రాసి ఉంది: ‘మా నాన్న డ్యూటీలో ఉన్నారు. ఫిబ్రవరిలో వస్తారు. అప్పుడు పెడతారు.’

తప్పు మాది. ఆ తల్లికి ఫోన్ చేసి క్షమించమని అడిగాను. ‘అయ్యో, దానికేముంది మేడం. ఆ కార్డు మటుకు జాగ్రత్తగా పెట్టండి, వాళ్ల నాయన వచ్చినాక చూపించాల’ అన్నారామె. కార్డు నా టేబుల్ సొరుగులో భద్రంగా ఉంది.

మన బడిలో ఏ తరగతికి వెళ్లినా, ఆర్మీలోనో బీఎస్ఎఫ్‌లోనో సీఆర్‌పీఎఫ్‌లోనో ఇంటి మనిషి ఉన్న పిల్లలు ఒకరిద్దరు కనిపిస్తారు. నేనూ అలాంటి ఇంటి పిల్లనే. మా పెద్దన్న ఆర్మీలో చేరినప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. అన్నకు జాబు రాసేదీ, వచ్చిన జాబు చదివి వినిపించేదీ నేనే. కవరు మీద నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్, కింద ‘కేరాఫ్ 56 ఏపీవో’ అని రాసేదాన్ని. ‘ఆ యాభై ఆరు అనే ఊరు యాడుందే?’ అని మా అమ్మ ప్రతిసారీ అడిగేది. అది ఊరు కాదమ్మా, మిలిటరీ వాళ్ల పోస్టాఫీసు, మనిషి ఎక్కడున్నాడో బయటికి తెలియకుండా జాబు మటుకు చేరుస్తారని చెప్పేదాన్ని. అంతా విని, వచ్చే నెల మళ్లీ అదే అడిగేది. కొడుకు ఉన్న చోటుకు ఒక ఊరి పేరంటూ లేకపోవడం ఆమెకు మింగుడుపడలేదని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

1999లో కార్గిల్ యుద్ధం వచ్చింది. ఏడు వారాలు అన్న దగ్గర్నుంచి జాబు లేదు. మాకు టీవీ లేదు, పక్కింట్లో వార్తలు చూసొచ్చేవాళ్లం. ఊళ్లో ఎవరు పలకరించినా మా అమ్మ ‘మా వాడు దేశం పని మీద ఉండాడు’ అని తలెత్తి చెప్పేది. రాత్రి అందరూ పడుకున్నాక, అన్న సెలవుకొచ్చినప్పుడు ఇంట్లో పెట్టి పోయిన నల్ల ట్రంకుపెట్టె దగ్గర కూర్చునేది. దాని మూత మీద తెల్ల పెయింటుతో అన్న నంబరు, పేరు ఉండేవి. అమ్మకు చదవడం రాదు. ఆ అక్షరాలను వేలితో మొదటి నుంచి చివరిదాకా దిద్దేది, మళ్లీ మొదటికి వచ్చేది. జూలై 26న విజయం ప్రకటించారు. అన్న జాబు ఆగస్టులో వచ్చింది. ‘నేను క్షేమం. చెనక్కాయ విత్తనం వేసినారా? వాన పడిందా?’ ఇంతే రాశాడు. ఆ జాబు అమ్మ నాతో ఎన్నిసార్లు చదివించుకుందో లెక్కలేదు.

ఈ ఏడాది మే 9న గోరంట్ల మండలం కల్లి తండా బిడ్డ, అగ్నివీర్ (నాలుగేళ్ల కాలానికి ఆర్మీలో చేరిన జవాను) మురళీ నాయక్, జమ్మూ కాశ్మీర్ సరిహద్దులో పాకిస్తాన్ కాల్పుల్లో వీరమరణం పొందాడు. జిల్లాలు విడిపోయినా ఆయన మన అనంతపురం సీమ బిడ్డే. జూన్‌లో బడి తెరిచిన వారం తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు నా గదికి వచ్చి, ‘మా అన్న కూడా అగ్నివీరే మేడం, ఆ పక్కే ఉన్నాడు’ అన్నాడు. ఆ మాట అన్నప్పుడు వాడి వెన్ను నిటారుగా ఉంది, గొంతు వణుకుతోంది. వాడితో ఏం మాట్లాడాలో నాకు వెంటనే తోచలేదు. కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చాను. వాళ్ల అన్న గురించి చెప్పమన్నాను. రన్నింగ్‌కు తెల్లవారుజామున నాలుగింటికి లేచేవాడట, తమ్ముణ్ణి కూడా లేపి స్టాప్‌వాచ్ పట్టుకోమనేవాడట. పీరియడ్ అయిపోయేదాకా చెప్పాడు.

అందుకే కొన్ని మార్పులు చేశాం. ఇకమీదట ప్రోగ్రెస్ కార్డులోనూ, ఏ ఫారంలోనూ ‘తండ్రి సంతకం’ అని విడిగా ఉండదు. తల్లి, తండ్రి, సంరక్షకులు, ఎవరిదైనా ఒక్క సంతకం చాలు.

ఇంకొకటి సెలవుల గురించి. ఆర్మీ జవానుకు ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు ఉంటాయి. అగ్నివీర్‌కు ఏడాది మొత్తం మీద 30 రోజులే. అవి కూడా అడిగినప్పుడే దొరుకుతాయని లేదు, పైగా చాలా మందికి రానుపోను రైల్లోనే రోజులు పోతాయి. కాబట్టి ఇంటి మనిషి వచ్చిన మొదటి రెండు రోజులు, తిరిగి వెళ్లే రోజు పిల్లలు బడికి రాకపోతే ఆబ్సెంట్ వేయం. క్లాస్ టీచర్‌కు ఒక్క ఫోన్ చేయండి. కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కించడానికి స్టేషన్‌కు వెళ్లిన పిల్లవాడు ఆ పూట బడికొచ్చి కూర్చున్నా వాడి మనసు ప్లాట్‌ఫారం మీదే ఉంటుంది.

మిగతా తల్లిదండ్రులకు ఒక మనవి. గేటు దగ్గర జవాను భార్య కనిపిస్తే, పిల్లల ముందు ‘ఒక్కదానివే ఎట్లా ఉంటావమ్మా, భయం కాదా?’ అని అడగొద్దు. మీరు ప్రేమతోనే అడుగుతారని తెలుసు. కానీ ఆ ప్రశ్న పిల్లలు ఇంటికి మోసుకెళ్తారు. దాని బదులు జ్వరమొచ్చిన రోజు ఆసుపత్రికి తోడు వెళ్లండి, వాన రోజు వాళ్ల పిల్లను కూడా మీ బండి మీద దింపండి.

జవాన్ల కుటుంబాలకు కూడా ఒక మాట. యూనిఫాంలో మనవాళ్ల ఫొటో చూస్తే అందరికీ చూపించాలనే అనిపిస్తుంది, అది సహజం. కానీ ఏ యూనిట్, ఎక్కడ డ్యూటీ, ఏ తేదీన ఎక్కడికి కదులుతున్నారు అనేవి వాట్సాప్ గ్రూపుల్లో, స్టేటస్‌లలో పెట్టొద్దు. మన బడి గ్రూపుల్లో కూడా వద్దు. ఆ రోజుల్లో అడ్రసులో ఊరి పేరు రాయనివ్వనిది ఎందుకో, ఇదీ అందుకే.

డిసెంబరు 7 సాయుధ దళాల పతాక దినోత్సవం. 1949 నుంచి జరుపుతున్నారు. ఆ రోజు పంచే చిన్న జెండాలో ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగులు సైన్యానికి, నౌకాదళానికి, వైమానిక దళానికి గుర్తు. వసూలైన డబ్బు అమరుల కుటుంబాలకు, మాజీ సైనికులకు సాయంగా వెళ్తుంది. ఈసారి 7వ తేదీ ఆదివారం, అందుకని మనం 6న, శనివారం జరుపుకుందాం. హుండీ ఆఫీసు గదిలో ఉంటుంది. ఎవరినీ ఇంత వేయమని అడగం. పిల్లలతో బలవంతంగా డబ్బు పంపొద్దు. చేరిన మొత్తం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అప్పగిస్తాం.

ఆ రోజు జవాన్ల ఇళ్ల పిల్లలు ఇష్టమైతే ఇంటి నుంచి ఒక వస్తువు తెచ్చి దాని గురించి చెప్పొచ్చు. పాత జాబు, టోపీ, ఫొటో ఏదైనా సరే. నేను మా అన్న ట్రంకుపెట్టె తెస్తున్నాను. మాట్లాడటం ఇష్టం లేని పిల్లలను ఎవరూ అడగరు. కుటుంబంలో ఒకరిని పోగొట్టుకున్న పిల్లల విషయంలో ముందు తల్లితో మాట్లాడాకే ఏదైనా చేస్తాం. రిటైరై ఊళ్లో ఉన్న తాతలు, మామలు తప్పకుండా రండి. ముందు వరుస కుర్చీలు మీకే. పేర్లు నవంబరు 29 లోపు క్లాస్ టీచర్‌కు చెప్పండి.

ఆ పాప నాన్నను ఫిబ్రవరిలో సెలవుకొచ్చినప్పుడు ఒకసారి బడికి రమ్మని కబురు పంపాను. పెన్సిల్ రాత చెరపకుండా, దాని పక్కనే సంతకం పెట్టించుకుంటాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు