ఎనిమిది రాత్రులు మా పాటకు నీళ్లు పోసిన వారికి

నేను రాసి, బాణీ కట్టి, పాడిన తొమ్మిది పాటల ఆల్బం గత వారం అనంతపురంలో పూర్తయింది. ముప్పై ఎనిమిది నిమిషాల ఆ ఆల్బం మీద నా పేరు పెద్ద అక్షరాలతో ఉంది. అది వినదగిన రూపానికి రావడానికి కారకులైన చాలామంది పేర్లు మాత్రం దాని మీద ఎక్కడా లేవు. వేయవద్దని వారే కోరారు. ఆ మాటను గౌరవిస్తూ, పేర్లు చెప్పకుండానే వారు చేసిన సాయాన్ని వివరంగా రాస్తున్నాను.

మా వైపు ఆడవాళ్లు పిండి విసురుతూ పాడుకునే పాటల నడకను తీసుకుని, దాని కింద అమెరికా నల్లజాతివారి జాజ్ సంగీతంలోని కార్డులను, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులను, పరిచి కట్టిన పాటలివి. ఈ రెండూ ఎలా కలుస్తాయని అడిగినవారికి గిటారు మీద ఒక సంగతి వినిపించేదాన్ని. మోహన రాగంలోని స, రి, గ, ప, ద అనే ఐదు స్వరాలను ఒకేసారి మోగిస్తే, జాజ్ వాద్యకారులు సిక్స్ నైన్ అని పిలిచే కార్డు అవుతుంది. స్వింగ్ అనే జాజ్ నడక కూడా మనకు కొత్తది కాదు. దెబ్బను మూడు భాగాలుగా లోలోపల ఊహించుకుని, మొదటి స్వరానికి ఇంచుమించు రెండు భాగాలు, తరువాతి దానికి ఒక భాగం ఇవ్వడంలో ఆ ఊపు ఉంది. త్రిశ్ర నడక ఎరిగిన చెవికి అది వెంటనే అందుతుంది.

ఇదంతా తెలిసినా నా గొంతులో ఆ ఊపు పలకలేదు. దానిని సరిదిద్దినవారు మా వీధి పెద్దమ్మగారు. నేను పాడింది రెండుసార్లు విని, అటక మీది విసుర్రాయిని దింపించి, నా చేత తిప్పిస్తూ పాడించారు. "రాయి నిలబడకూడదు పాపా, నీ గొంతు దాని ఎనకాలే రావల్ల" అన్నారు. తాళానికి వెంట్రుకవాసి వెనకగా పాడటమనే, జాజ్ గాయకులు ఏళ్ల తరబడి సాధన చేసే విద్యను, ఆ పేరు ఎన్నడూ వినని ఆమె ఒక్క మధ్యాహ్నంలో నాకు నేర్పారు. ఆల్బంలో నాలుగో పాట పూర్తిగా ఆమె పెట్టిన భిక్ష.

అడ్వాన్సు తీసుకున్న ఒక స్టూడియో ఆఖరి వారంలో తేదీలు రద్దు చేయడంతో రికార్డింగుకు చోటు లేకుండా పోయింది. అప్పుడు ఒక నూనె మిల్లు యజమానిగారు తమ వేరుశనగ గోదాము తాళాలు నా చేతిలో పెట్టారు. ఖరీఫ్ పంట రావడానికి ఇంకా నెలలున్నాయి కనుక మే నెలలో అది ఖాళీగా ఉంటుంది. గోడల ప్రతిధ్వని తగ్గించడానికి గోనె సంచులు వేలాడదీసుకోమని ఆయనే చెప్పారు, అద్దె మాట ఎత్తనివ్వలేదు. పక్కనున్న పిండిమర ఆగాక, రాత్రి పది నుంచి తెల్లవారుజామున నాలుగు వరకు, ఫ్యాన్లు కూడా ఆపేసి పదకొండు రాత్రులు పని చేశాం.

డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే, పెద్ద వయొలిన్ లాంటి మంద్ర వాద్యం) వాయించే మిత్రుడు బెంగళూరు నుంచి తన వాద్యాన్ని వ్యానులో తెచ్చారు. కీబోర్డు మీద ఆ భాగం వాయించుకుంటే ఖర్చు తగ్గేదే. కానీ 1976లో వచ్చిన కెనడా గాయని జోనీ మిచెల్ ఆల్బం 'హెజీరా'లో అమెరికా వాద్యకారుడు జాకో పాస్టోరియస్ వాయించిన, వీణ మెట్ల లాంటి ఫ్రెట్లు లేని బేస్ గిటారు, పాటకు రెండో గొంతులా తోడు నడవడం విన్ననాటి నుంచి నాకు ఆ జారుడు మీద మనసు నిలిచిపోయింది. డబుల్ బేస్‌కూ ఫ్రెట్లు ఉండవు. ఒక స్వరం నుంచి మరో స్వరానికి వేలు జారినప్పుడు అది మన గమకానికి దగ్గరగా పలుకుతుంది.

మూడో రాత్రి ఆ వాద్యం అంచు దగ్గర అతుకు విడిపోయింది. మా ఊరి ఎండకు గాలిలో తేమ పోయి, కట్టె ముడుచుకుంది. రెండో రోడ్డులో తలుపులు, మంచాలు చేసే వడ్రంగి పెద్దాయన నిద్రలోంచి లేచి వచ్చారు. నా చేతిలోని ఫెవికాల్ డబ్బాను చూసి వద్దన్నారు. "దీంతో బిగిస్తే ఇంకోసారి అతుకు ఊడదు, కట్టెనే పగులుతాది" అన్నారు. వేడి చేసి పూసే పాతకాలపు జిగురుతో అతికి, బిగింపులు వేసి, ఒక పగలంతా ముట్టుకోనివ్వలేదు. వయొలిన్ జాతి వాద్యాలకు అటువంటి జిగురునే వాడతారని, ఒత్తిడి వచ్చినప్పుడు కట్టె కంటే ముందు అతుకు విడిపోవాలన్నదే అందులోని ఉద్దేశమని నా మిత్రుడు ఆశ్చర్యపోతూ చెప్పారు. పెద్దాయన కూలి తీసుకోలేదు. బాగైన వాద్యాన్ని ఒకసారి వాయించమని మాత్రం అడిగి, కళ్లు మూసుకుని విన్నారు.

అతుకు మళ్లీ విడకుండా గదిలో తేమ నిలపాలి. ఈ సంగతి ఎవరు చెప్పారో గాని, మరుసటి సాయంత్రం ఆ వీధి అక్కలు నీళ్ల కుండలు తెచ్చి గోదాములో వరసగా పెట్టారు. సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే జిల్లాలో, వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకునే వీధి అది. తమ వంతులో వచ్చిన నీళ్లలోంచి, మిగిలిన ఎనిమిది రాత్రులూ, ఎవరూ అడగకుండానే తెచ్చి పోశారు. ఆ నీళ్లతోనే గోనె సంచులను తడిపాం.  ఆల్బంలో ఆ బేస్ అంత మెత్తగా వినిపిస్తే, అది ఆ నీళ్ల చలవ.

పెద్దమ్మగారికి, మిల్లు యజమానిగారికి, వడ్రంగి పెద్దాయనకు, నీళ్లు తెచ్చిన అక్కలందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. వేరుశనగ వచ్చేలోగా ఒక ఆదివారం సాయంత్రం అదే గోదాములో, మొదట మీకే ఈ తొమ్మిది పాటలూ వాయించి వినిపిస్తాం. బెంగళూరు మిత్రుడు కూడా వస్తానన్నారు.

మూడు కుండలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. వాటిలో పెద్దదానికి మూతగా ఎర్రంచు చీర ముక్క కట్టి ఉంది. ఎవరివో కబురు చేస్తే నేనే ఇంటికి తెచ్చి ఇస్తాను.