స్టెప్నీ లేని కారుకి 44 రోజులుగా టైరు దొరకడం లేదు

ఖమ్మం,
12-01-2026

కస్టమర్ సర్వీస్ విభాగాధిపతి గారికి,

నమస్కారం. మొన్న దసరాకి మీ ఎస్‌యూవీ టాప్ మోడల్ కొన్నాను. 44 రోజులుగా అది మీ డీలరు వర్క్‌షాపు వెనక జాకీ మీద ఉంది. అంతా ఒక్క టైరు గురించే.

నవంబరు 29 రాత్రి సూర్యాపేట నుంచి వస్తుంటే కూసుమంచి దగ్గర ముందు ఎడమ చక్రం గుంతలో పడింది. టైరు సైడ్ నాలుగు వేళ్ల మేర కోసుకుపోయింది, రిమ్ము అంచు వంగింది, లోపల గాలి ఎంతుందో చూపే ప్రెషర్ సెన్సర్ పగిలింది. డిక్కీలో స్టెప్నీ ఉండాల్సిన చోట గాలి కొట్టే చిన్న మోటారు, జిగురు సీసా ఉన్నాయి. ట్యూబ్‌లెస్ టైర్లు, ప్రెషర్ సెన్సర్లు, ఈ కిట్టు ఉంటే స్టెప్నీ ఇవ్వక్కర్లేదని 2020లో కేంద్రం నిబంధనలు మార్చింది, నాకూ తెలుసు. కానీ ఆ జిగురు మేకు దిగిన రంధ్రానికి పనికొస్తుంది గానీ, సైడ్ చిరిగితే ఏం చేస్తుంది? ఇద్దరు పిల్లలతో టోయింగ్ బండి కోసం రెండున్నర గంటలు రోడ్డు పక్కన నిలబడ్డాం.

గుంత మీరు తవ్వింది కాదు. ఆ తర్వాత జరిగిన దాని గురించే ఈ ఫిర్యాదు.

నా కారు టైరు సైజు 235/50 ఆర్19, అంటే 19 అంగుళాల రిమ్ముకి పట్టేది. వైరా రోడ్డులో ఉన్న షాపులన్నీ తిరిగాను. విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లాను, హైదరాబాద్ రాణిగంజ్‌లో తెలిసినవాళ్లతో అడిగించాను. ఎక్కడా లేదు. ఆటోనగర్‌లో ఒకాయన నవ్వి, "లారీ టైరైతే పది నిమిషాల్లో ఎక్కిస్తా సార్, ఇది మీ కంపెనీవాళ్లనే అడగండి" అన్నారు. అడుగుతూనే ఉన్నాను. సర్వీస్ అడ్వైజర్ "బ్యాక్ ఆర్డర్‌లో ఉంది, వచ్చే వారం" అని (అంటే ఆర్డరు పెట్టారు, సరుకు ఇంకా రాలేదు) ఇప్పటికి ఐదుసార్లు చెప్పారు. రిమ్ము, సెన్సర్‌లకీ అదే జవాబు. అదే షోరూమ్ అద్దాల వెనక సరిగ్గా ఇవే టైర్లతో మూడు కొత్త కార్లు మెరుస్తున్నాయి. కొత్త కార్లకి అందుతున్న టైరు నా దాకా ఎందుకు రావడం లేదు?

పోనీ కింది మోడల్ 17 అంగుళాల రిమ్ములు, టైర్లు నాలుగూ సొంత ఖర్చుతో వేయించుకోమని సలహా ఇచ్చారు. వారంటీ పోదని రాసివ్వమంటే మాట్లాడలేదు. అమ్మేటప్పుడు మాత్రం ఆ 19 అంగుళాల చక్రాల గురించి పావుగంట చెప్పారు!

ఈఎంఐ మాత్రం ప్రతి నెలా 5న టంచనుగా కట్ అవుతోంది. ఎల్లుండి భోగి. అమలాపురం మా అత్తగారింటికి బస్సులో వెళ్తున్నాం, అదీ టికెట్లు దొరికాయి కాబట్టి.

ఈ నెల 27లోగా టైరు, రిమ్ము, సెన్సర్ బిగించి కారు ఇవ్వండి. అవి వచ్చేదాకా వేరే కారు ఇవ్వండి, లేదా క్యాబ్ ఖర్చు భరించండి. టైరు ధర నేను కడతాను, ఉచితంగా అడగడం లేదు. ఇంకోసారి ఇలా జరిగితే ఎన్ని రోజుల్లో భాగాలు ఇస్తారో కూడా రాతపూర్వకంగా చెప్పండి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా కేసు నేనుండే జిల్లాలోనే వేయొచ్చు.

వర్క్‌షాపువాళ్లిచ్చిన జాబ్ కార్డు, టోయింగ్ రసీదు, టైరు ఫొటోలు జతచేశాను.

ఇట్లు,
మీ కారు కొన్న వినియోగదారుడు